మా రోజుల్లో నన్నారికి వేరు ఉండేది

శివరాత్రి దాటిందంటే చాలు, ఆదోని బస్టాండు ముందర, మార్కెట్ యార్డు గేటు కాడ, ఎమ్మిగనూరు సోమప్ప సర్కిల్లో నన్నారి బండ్లు లేస్తాయి. ఐసుగడ్డ, నిమ్మకాయల కుప్ప, నానబెట్టిన సబ్జా గింజలు, వరసగా సీసాలు. సీసాల్లో నల్లగా, చిక్కగా పాకం. బండికి కట్టిన బోర్డు మీద ‘స్పెషల్ నన్నారి’ అని పెద్దక్షరాలు. నాకు ఒళ్లు మండేది ఆ అక్షరాలు చూస్తేనే. ఆ గ్లాసులో నిమ్మరసం ఉంది, సబ్జా ఉంది, చక్కెర కావలసినంత ఉంది, రంగు అంతకంటే ఎక్కువ ఉంది. నన్నారి ఒక్కటే లేదు.

నన్నారి అంటే వేరు. కొండ రాళ్ల మధ్య పాకే తీగకు భూమిలో దిగే వేరు. ఈ ముక్క ఇప్పుడు విడమర్చి చెప్పాల్సి వస్తోంది. మా వీధిలో డిగ్రీ చదివే పిల్లోణ్ణి “నన్నారి అంటే ఏందిరా?” అని అడిగితే, “అదొక ఫ్లేవర్ తాతా” అన్నాడు. వాణ్ణి తప్పు పట్టను. వాడు పుట్టినప్పటి నుంచి చూసింది ప్లాస్టిక్ సీసానే. తప్పు వాడికి వేరు చూపించని మా తరానిది, వేరు లేకుండా పేరు అమ్ముకునే ఈ కాలానిది.

మా రోజుల్లో వేరు చూడకుండా నన్నారి తాగినవాడు ఆదోనిలో లేడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మాది బళ్ళారి జిల్లా. ఆ రోజు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. జిల్లా మారింది గానీ సంత మారలేదు. తెలుగువాళ్లు నన్నారి గడ్డ అనో, మారెడు గడ్డ అనో అడిగేవాళ్లు. కన్నడం మాట్లాడేవాళ్లు మాగళి బేరు అనేవాళ్లు. అందరూ ఒకే గోనెసంచి ముందర గొంతుక్కూచుని ఏరుకునేవాళ్లు. పత్తి మండీలో గుమాస్తాగా పనిచేసిన నాకు ఒక సంగతి బాగా తెలుసు. చేత్తో దూది తీసి, వేళ్ల మధ్య లాగి, పింజ పొడుగు చూడకుండా ఏ వ్యాపారీ ధర చెప్పడు. వేరు కొనే ఆడవాళ్ల లెక్కా అంతే. గడ్డ చేతిలోకి తీసుకునేవాళ్లు. గోటితో పై తోలు గీరేవాళ్లు. లోపల మీగడ రంగు కండ కనపడాలి, పాలు చెమర్చాలి, వాసన ముక్కుకు గుప్పున తగలాలి. వాసన రాకపోతే ఆ గడ్డ తిరిగి సంచిలోకే పోయేది.

ఇంటికి తెచ్చాక పని మా జేజిది. గడ్డల్ని నీళ్లలో నానబెట్టి, కొబ్బరిపీచుతో రుద్ది మన్నంతా పోగొట్టేది. తర్వాత ఒక్కో గడ్డను బండ మీద పెట్టి గుండుతో నిదానంగా కొట్టేది. గట్టిగా కొడితే కండ నలిగి బండకే అంటుకుపోతుంది. నిదానంగా కొడితే పొడుగునా పగులుతుంది. పగిలిన చోట బొటనవేలు పెట్టి విప్పితే మధ్యలో కొయ్యలాంటి పుల్ల ఉంటుంది. దాన్ని లాగేసి కండ మాత్రం తీసుకునేది. మందూ రుచీ ఆ కండలోనే ఉన్నాయి. తీసిన పుల్లల్ని కూడా పారేయకుండా కొర్రల గాదెలో వేసేది, పురుగు పట్టదని. ఈ వేరు సారం నిల్వ ధాన్యానికి పట్టే పురుగుల్ని చంపుతుందని మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థ, అదే సీఎఫ్‌టీఆర్‌ఐ వాళ్లు, తర్వాత్తర్వాత పరీక్షలు చేసి రాశారు. మా జేజి ఆ కాగితాలు చదవలేదు. గాదె చూసి తెలుసుకుంది.

కండను కచ్చాపచ్చాగా దంచి, పొయ్యి మీద నుంచి దించిన వేడినీళ్లలో వేసి, వెంటనే మూత పెట్టేది. రాత్రంతా ఆ మూత తీయనిచ్చేది కాదు. తీస్తే తిట్లే. అందులో కిటుకు ఉంది. ఈ వేరు వాసన ఆవిరిలో ఎగిరిపోయే రకం. మూత లేకుండా గంటసేపు మరిగిస్తే వీధంతా ఘుమఘుమలాడుతుంది, గిన్నెలో చేదు కషాయం మిగులుతుంది. పొద్దున్నే గుడ్డలో వడగడితే లేత ఎరుపు తేరిన నీళ్లు వచ్చేవి. ఇప్పటి బండి మీది పాకంలా నల్లగా ఉండేవి కాదు. అందులో బెల్లమో, పటికబెల్లమో కాస్త కలిపి కొత్త కుండలో పెట్టేది. నిమ్మకాయ పిండేది తాగేముందే.

ఆ నీళ్లు ఎవరి కోసం? ఒళ్లు దాచుకోకుండా పనిచేసేవాళ్ల కోసం. ఆదోని పత్తి ఊరు. 1871లో రాయచూరు దగ్గర బొంబాయి, మద్రాసు రైలుమార్గాలు కలిశాక ఇక్కడి బేళ్లు నేరుగా బొంబాయికి పోయేవి. ఎండాకాలం జిన్నింగు మిల్లులో నిలబడితే పైన రేకుల వేడి, లోపల దూది ధూళి. హమాలీలకు, జిన్నుల దగ్గర పనిచేసే ఆడవాళ్లకు మధ్యాహ్నం పూట కుండలో నన్నారి నీళ్లు పెట్టించే సేట్లు ఉండేవాళ్లు. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టారు, తర్వాత ఆ పనికే పద్మశ్రీ వచ్చింది. ఆ సంఘం నూలుతో బతికిన ఇళ్లలో గుంట మగ్గం పక్కన ఒక ముంతలో ఈ నీళ్లు ఉండేవి. పొద్దస్తమానం గుంటలో కాళ్లు పెట్టి కూచునేవాడికి ఒంట్లో ఉష్ణం చేస్తుంది, మూత్రం మంటగా వస్తుంది. దానికి వాళ్ల మందు ఇదే.

మందు అంటున్నాను కాబట్టి ఆ లెక్క కూడా చెప్పాలి. ఇందులో రెండు తీగలున్నాయి. ఒకటి సుగంధిపాల, వైద్యులు శారిబ అంటారు, అనంతమూలమన్నా అదే. సన్నటి తీగ, ఆకు మధ్య ఈనె వెంట తెల్లటి చార, తుంచితే పాలు. వేరు పెన్సిలంత కూడా ఉండదు, నల్లగా వంకర్లు తిరిగి పైన బీటలు వారి ఉంటుంది. రెండోది మారెడు గడ్డ, వేలి లావు నుంచి అంతకు రెట్టింపు లావు దాకా ఊరే కండగల వేరు. మన రాయలసీమ షర్బత్తుకు, ఊరగాయకు ఎక్కువగా వాడేది ఈ రెండోదే. రెండూ జిల్లేడు కుటుంబానివే, రెండింటిదీ ఒకే వాసన. చరకుడు శారిబను ఒంటి మంట తగ్గించే మందుల్లోనూ, జ్వరం తగ్గించే మందుల్లోనూ చేర్చాడు. ఆయుర్వేద అంగళ్లలో శారిబాద్యాసవం ఇప్పటికీ దొరుకుతుంది. ఇంగ్లీషు డాక్టర్లు కూడా దీన్ని కాదనలేదు. అమెరికా ఖండం నుంచి తెప్పించుకునే సార్సపరిల్లా వేరుకు బదులుగా వాడొచ్చని 1864 నాటి బ్రిటిష్ ఫార్మకోపియాలోకి సుగంధిపాల వేరును ఎక్కించారు. అంటే మన చేల గట్ల మీది తీగ వేరు లండన్ మందుల పుస్తకం దాకా పోయింది.

అయినా మా పెద్దలు దీన్ని సర్వరోగ నివారిణి అని ఏనాడూ అనలేదు. ఒంటి వేడికి, మూత్రం మంటకు, ఎండాకాలం లేచే సెగగడ్డలకు, ఆకలి మందగిస్తే వాడేవాళ్లు. పది రోజులైనా గుణం కనపడకపోతే వైద్యుడి దగ్గరికి తీసుకుపోయేవాళ్లు. ఇప్పుడు అదీ పోయింది. ఒక పక్క పిల్లలు ఇది ఉత్త ఫ్లేవర్ అనుకుంటున్నారు. ఇంకో పక్క ఫోన్లలో వచ్చే వీడియోలు చూసి పెద్దలే నన్నారి పొడి షుగరు తగ్గిస్తుందని, కిడ్నీలు కడుగుతుందని, డాక్టరు రాసిన మాత్రలు మానేస్తున్నారు. పాము కాటుకు ఈ వేరు నూరి పూసే అలవాటు పల్లెల్లో ఉండేది. కలకత్తాలో పరిశోధకులు ఈ వేరులోని పదార్థాన్ని పాము విషం మీద పరీక్షించిన మాటా నిజమే. ప్రయోగశాల మాట ప్రయోగశాలదే. పాము కరిస్తే పరిగెత్తాల్సింది ఆసుపత్రికే, పొడవాల్సింది విరుగుడు ఇంజక్షనే. షుగరు ఉన్నవాళ్లకు ఇంకో మాట చెప్తాను. సీసా షర్బత్తులో ఎక్కువ భాగం చక్కెర పాకమే. అది మందని తాగితే రోగం పెంచుకున్నట్టే. వేరును ఫ్లేవరని తీసిపారేసేవాళ్లూ, సంజీవని అని మోసేవాళ్లూ, ఇద్దరూ దాన్ని చేతిలోకి తీసుకుని చూసినవాళ్లు కారు.

ఇక ఆ వాసన సంగతి. అది ఎక్కణ్ణుంచి వస్తుందో శాస్త్రవేత్తలు తేల్చారు. వేరు నుంచి తీసిన సుగంధ తైలంలో నూటికి తొంభై పాళ్లకు పైగా ఒకే పదార్థం ఉంటుంది. ఐస్‌క్రీముల్లో వేసే వెనిలా వాసనకు మూలమైన వెనిలిన్‌లో ఏ పరమాణువులు ఎన్నున్నాయో ఇందులోనూ అవే, అన్నే. అమరిక ఒక్కటే వేరు. ఒకే పదార్థం కాబట్టి దాన్ని ఫ్యాక్టరీలో తయారు చేయడం కష్టం కాదు. చిన్న సీసాడు ఎసెన్సు కొని, చక్కెర పాకంలో నాలుగు చుక్కలు వేసి, మాడ్చిన చక్కెర రంగు కలిపితే డబ్బాలకు డబ్బాలు ‘నన్నారి’ తయారవుతుంది. వాసన వేరుదే అనిపిస్తుంది. కానీ వేరులో వాసన ఒక్కటే లేదు కదా. నాలుకకు తగిలే ఆ సన్నటి వగరు, తాగాక చాలాసేపు నోట్లో నిలిచే చలవ, జేజి ఏ గుణాల కోసం రాత్రంతా నానబెట్టిందో ఆ సారం, అదంతా చిన్న సీసాలోకి రాదు.

పోయిన ఎండాకాలం ఒక బండి కాడ నిలబడి గట్టిగానే అడిగాను. “ఏమప్పా, ఇందులో వేరుందా?” ఆ అబ్బాయి మొహం దించుకోకుండానే చెప్పాడు. “పెద్దాయనా, వేరు యాడ దొరుకుతాది? దొరికినా ఆ ధరకు కొని ఇరవై రూపాయలకు గ్లాసు ఎట్లిచ్చేది? సీసా తెచ్చి పాకంలో పోస్తే అయిపాయ.” వాడు అబద్ధం చెప్పలేదు. బోర్డు మీది అక్షరాలే అబద్ధం చెప్తున్నాయి. ఈ మధ్య బంధువుల పెళ్లిలోనూ ఇదే తంతు. గుమ్మంలోనే సన్నటి గ్లాసుల్లో ‘రాయలసీమ స్పెషల్’ అని ఇచ్చారు. ఒక గుక్క తాగి పక్కన పెట్టాను. పెళ్లికి లక్షలు పోసినవాళ్లు ఆ గ్లాసులో ఏముందో అడగలేదు.

వేరు యాడ దొరుకుతాది అన్న మాట మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. అది నిజం కాబట్టి. మారెడు గడ్డ ప్రపంచంలో ఇంకెక్కడా పుట్టదు, మన దక్షిణాది కొండల్లోనే పుడుతుంది. నల్లమల, వెలికొండలు, శేషాచలం దాని పుట్టిళ్లు. మా రోజుల్లో సంతకు వచ్చే గడ్డ నల్లమల నుంచి వచ్చేది. తవ్వేవాళ్లు చెంచులు. రాళ్ల సందుల్లోకి గుత్తిగా దిగిన వేళ్లలో లావువి కోసుకుని, తల్లి తీగను దాని పాదులో వదిలి, మళ్లీ మన్ను కప్పి వచ్చేవాళ్లమని వాళ్లే చెప్పేవాళ్లు. ఆ తీగ రేపు తమకూ తమ పిల్లలకూ అన్నం పెట్టాలి కదా. ఇప్పుడు దళారి అడిగేది బరువు. బయటి మనుషులు గడ్డపారలతో వచ్చి పాదు పాదంతా తవ్వేస్తారు. వేళ్లన్నీ పోయాక తీగ బతకదు. లారీలకెక్కి గడ్డ పెద్ద ఊర్లకు, మందుల కంపెనీలకు, ఊరగాయల కంపెనీలకు పోతుంది. చివరికి ఈ మొక్కను అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలో చేర్చాల్సి వచ్చింది. విచిత్రం చూడండి. కొండ మీద వేరు అయిపోతోంది, మన గ్లాసులోకి వేరు రావడం లేదు. రెండు చోట్లా నష్టమే.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు మా జిల్లాలోని నల్లమల నంద్యాల జిల్లా కిందికి పోయింది. కర్నూలు జిల్లాలో మాకు మిగిలింది ఈ పడమటి మెట్ట, నల్లరేగడి, ఆదోని చుట్టూ గుండ్ల కొండలు. అయితే మా దగ్గర ఏమీ లేదనుకోవద్దు. సుగంధిపాల అడవి అడగదు. ఎర్రనేల గట్ల మీద, కంపల కింద, గుండ్ల సందుల్లో దానంతటదే పాకేది. మేం బడి నుంచి వస్తూ గట్టు మీద తీగ పట్టుకుని కొంచెం లాగి, వేరు తుంచి నమిలేవాళ్లం. ఇప్పుడా గట్లు ఏవి? జేసీబీ వచ్చి రెండు చేలు ఒకటి చేసింది. మిగిలిన గట్టు మీద కలుపు మందు కొట్టారు. కలుపు మందుకు తుంగ అయినా ఒకటే, సుగంధిపాల అయినా ఒకటే. గుండ్ల కొండలు కంకరకు పోతున్నాయి. కోసిగి, మంత్రాలయం పక్క పల్లెలు ఏటా మిరపకాయలు కోయడానికి గుంటూరుకు వలస పోతాయి. ఇల్లిల్లూ తాళం వేసి పోయే ఊర్లో ఏ ముసలమ్మ ఏ పిల్లకు ఏ తీగ చూపిస్తుంది?

కాలం మారింది తాతా, రాత్రంతా వేరు నానబెట్టే తీరిక ఎవరికుంది అంటారు. మా జేజికి మాత్రం తీరిక ఉండిందా? కొర్రలు దంచుకుంది, బావి నీళ్లు తోడింది, చేలో కలుపు తీసింది. నానబెట్టడానికి తీరిక అక్కర్లేదు. మూత పెట్టి నిద్రపోవడమే. పొద్దున వడగట్టడానికి టీ కాచినంత సేపు చాలదు. రోజూ రెండు సీసాల రంగునీళ్లకు పెట్టే డబ్బుతో వారానికి సరిపడా వేరు వస్తుంది. ధర ఎక్కువని అంటే, ఆ ఎక్కువ చెంచు ఇంటికి పోతుందంటే ఇవ్వడానికి మనకు మనసు ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న అటవీ ఉత్పత్తుల మీద వాళ్లకే యాజమాన్యం ఇచ్చింది. ఆ హక్కు కాగితం మీద ఉంటే సరిపోదు, కొనేవాడు వాళ్ల దగ్గర కొంటేనే అది పొయ్యిలోకి వస్తుంది. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ నన్నారి షర్బత్తు అమ్ముతోంది. జీసీసీ పేరున్న ఆ సీసా అడగండి. మన అంగళ్లలో లేకపోతే తెప్పించమనండి. మనం అడగకుండా ఏ అంగడివాడూ తెప్పించడు.

సీసా ఏదైనా కొనేముందు వెనక చిన్న అక్షరాలు చదవండి. వేరు సారం అని ఉందా, కృత్రిమ సువాసన అని ఉందా చూడండి. రెండోదైతే అది నన్నారి కాదు, తీపి నీళ్లు. మున్సిపాలిటీవాళ్లూ, ఆహార భద్రత ఇన్‌స్పెక్టర్లూ ఎండాకాలం రెండు నెలలు ఈ బండ్ల మీద కన్ను వేయాలి. బండివాడి పొట్ట కొట్టమని కాదు. వేరు లేని దానికి వేరు పేరు పెట్టనివ్వకూడదు. వేరు నానబెట్టి అమ్మేవాడు ఎక్కువ ధర చెప్పుకునే దారి అప్పుడే తెరుచుకుంటుంది.

ఇంకో పని ఇంట్లోనే చేసుకోవచ్చు. సుగంధిపాల వేరు ముక్క నాటితే లేస్తుంది. ఎర్రమన్ను, కాస్త ఇసుక, పెద్ద కుండీ, పాకడానికి ఒక కర్ర చాలు. రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి. ఆదోనిలో, ఎమ్మిగనూరులో ఎన్ని బళ్లు లేవు? ప్రతి బడిలో కంచె వెంట ఈ తీగ నాలుగు పాదులు పెట్టమనండి. పిల్లలు ఆకు చార గుర్తుపట్టాలి, తుంచితే పాలు రావడం చూడాలి, వేరు గోటితో గీరి వాసన చూడాలి. మారెడు గడ్డను కణజాల వర్ధనంతో పెంచే పద్ధతి మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ వాళ్లు ఎప్పుడో చేసి చూపించారు. ఆ మొక్కలు మన ఉద్యాన శాఖ నర్సరీల్లో రైతులకు దొరికేలా చేస్తే, మెట్ట రైతుకు ఇంకో పంట, కొండకు ఊపిరి.

బెల్లం బదులు చక్కెర వేసుకోండి, కుండ బదులు ఫ్రిజ్‌లో పెట్టుకోండి, దానికి నాకే అభ్యంతరమూ లేదు. కానీ నన్నారి అని బోర్డు పెట్టినవాణ్ణి వేరు చూపించమని అడగండి. అడిగేవాళ్లు ఉన్నన్నాళ్లే తవ్వేవాడు తీగను బతకనిస్తాడు, అమ్మేవాడు నిజం అమ్ముతాడు. మా రోజుల్లో మేం చేసిందల్లా అదే. అడిగాం, గీరి చూశాం, వాసన లేకపోతే వద్దన్నాం.